రెండు డిగ్రీల చూపు

చేయి బారుగా చాచి బొటనవేలు పైకెత్తి చూడండి. ఆ గోరు ఎంత మేర కప్పుతుందో, ఇంచుమించు అంత మేరే మన కంటికి ఒక్కసారిగా స్పష్టంగా కనిపించేది. కోణంలో చెప్పుకుంటే దాదాపు 2 డిగ్రీలు. రెటీనా నడుమ ఫోవియా అనే చిన్న గుంట ఉంది. రంగును, సన్నని వివరాన్ని పట్టే శంకు కణాలు అక్కడే కిక్కిరిసి ఉంటాయి. ఆ గుంట దాటి పక్కకు జరిగేకొద్దీ చూపు పలచబడిపోతుంది. అయినా లోకం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తేటగా, నిండుగా ఉన్నట్టే మనకు అనిపిస్తుంది. కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు చోటు మారుతూ తునకలు ఏరుకొస్తుంది. మెదడు వాటిని అతుకుతుంది, మధ్యలో మిగిలిన ఖాళీలను పాత అనుభవంతో పూడ్చేస్తుంది. బతకడానికి ఈ ఏర్పాటు బ్రహ్మాండంగా పనికొస్తుంది. రోడ్డు దాటేటప్పుడు వచ్చే లారీని గుర్తించాలి గానీ, దాని బంపరుకు కట్టిన నిమ్మకాయలు ఎన్నో లెక్కపెట్టనక్కర్లేదు. కాకపోతే ఈ పొదుపుకు మనం చెల్లించే మూల్యమూ ఉంది. ఇంటి ముందు వేపచెట్టును ఇరవై ఏళ్లుగా చూస్తున్న మనిషిని, ఆకు అంచున రంపపు పళ్లు ఉంటాయా అని అడిగితే చాలాసార్లు తడుముకుంటాడు. వేపచెట్టు అని తెలిసిపోయాక కన్ను అక్కడ ఆగడం మానేస్తుంది.

ఇది మతిమరుపు కాదని, చూపు స్వభావమే ఇంతని తేల్చిన ప్రయోగం ఒకటుంది. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ ఛాబ్రిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి ఒక వీడియో చూపించి, అందులో తెల్ల చొక్కాల వాళ్లు బంతిని ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టమన్నారు. ఆట మధ్యలో గొరిల్లా వేషం వేసిన మనిషి ఒకరు తీరిగ్గా నడిచొచ్చి, గుండెలు బాదుకుని వెళ్లిపోయారు. చూసినవాళ్లలో దాదాపు సగం మందికి ఆ గొరిల్లా కనిపించనేలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, దాని మీద పడిన వెలుగు రెటీనాను చేరింది కూడా. ధ్యాస మాత్రం బంతి మీద ఉండిపోయింది. అంటే, చూడాలంటే వెలుగు ఒక్కటే చాలదు, చూపుకు ఒక పని అప్పజెప్పాలి. సరదాకు, అభిరుచికి ఫోటోలు తీసేవాళ్లు పొందే ఆనందానికి మూలం ఇక్కడే ఉందని నా వాదన. కెమెరా కంటికి పని పెడుతుంది. ఏది ఫ్రేములోకి రావాలి, ఏది బయట ఉండిపోవాలి, ఫోకస్ దేని మీద, ఎక్కడ నిలబడి, ఏ క్షణాన అన్న ప్రశ్నలకు జవాబు వెతికే క్రమంలో ఆ 2 డిగ్రీల చూపు ఒక్కచోట నిలుస్తుంది, అటూ ఇటూ తడుముతుంది, మళ్లీ అక్కడికే వస్తుంది. చేతికి వచ్చే బొమ్మ ఆ తర్వాతి సంగతి.

దీనికి సూటిగా ఎదురయ్యే అభ్యంతరం అందరికీ తెలిసిందే. గుడికి పోయినా, పెళ్లికి పోయినా జనం ఫోన్లు పైకెత్తి పట్టుకుంటున్నారు, ఎవరూ అసలు చూడటం లేదు, కెమెరా చూపును మింగేస్తోంది అంటారు. దీన్ని తోసిపుచ్చలేం, ఎందుకంటే దీని వెనక ఆధారం ఉంది. అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు విద్యార్థులను మ్యూజియం చుట్టూ తిప్పి, కొన్ని వస్తువులను ఊరకే చూడమన్నారు, కొన్నిటిని ఫోటో తీయమన్నారు. మర్నాడు పరీక్షిస్తే, ఫోటో తీసిన వస్తువులే తక్కువగా గుర్తున్నాయి. గుర్తుపెట్టుకునే పని కెమెరాకు వదిలేసి మనసు చేతులు దులుపుకుందన్నమాట. 2014లో అచ్చయిన ఈ ఫలితం పత్రికల్లో బాగా తిరిగింది. దాని రెండో సగం మాత్రం అంతగా తిరగలేదు. అదే పరిశోధనలో మరో అంచె ఉంది. వస్తువును మొత్తంగా కాకుండా, అందులో ఒక భాగానికి జూమ్ చేసి ఫోటో తీయమన్నప్పుడు జ్ఞాపకం దెబ్బతినలేదు. విశేషమేమిటంటే, జూమ్ చేసిన భాగమే కాదు, ఫ్రేము బయట ఉండిపోయిన భాగం కూడా గుర్తుంది. కెమెరా అదే, మ్యూజియం అదే. మారింది ఒక్కటే, ఇక్కడ ఎంపిక చేయాల్సి వచ్చింది. ఎంచుకోవాలంటే మొత్తాన్ని ఒకసారి కళ్లతో తడమాలి కదా.

ఈ దారిలోనే క్రిస్టిన్ డీల్, గాల్ జాబర్‌మన్, అలిక్సాండ్రా బరాష్ మరికొంత దూరం వెళ్లారు. 2016లో వాళ్లు ప్రకటించిన తొమ్మిది అధ్యయనాల్లో, ఫోటోలు తీస్తూ గడిపినవాళ్లు ఆ అనుభవంలో మరింత లీనమయ్యారు, మరింత ఆనందించారు. కెమెరా అనుభవానికే అడ్డుపడిన చోట మాత్రం ఆ లాభం దక్కలేదు. మరుసటి ఏడాది వచ్చిన పరిశోధన నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. తమకు నచ్చినవి నచ్చినట్టు ఫోటో తీసుకోనిస్తే, ఆ ఫోటోలను మళ్లీ చూసుకోకపోయినా, జనం చూసినవాటిని ఎక్కువగా గుర్తుపట్టారు, విన్నవాటిని తక్కువగా. తాము ఫోటో తీయని సంగతులను సైతం, కెమెరా లేనివాళ్ల కంటే మెరుగ్గా గుర్తుపట్టారు. కాబట్టి కెమెరా జ్ఞాపకాన్ని పెంచుతుందా తుంచుతుందా అని అడగడమే సరికాదు. అది ధ్యాసను చెవి వైపు నుంచి కంటి వైపు మళ్లిస్తుంది. కచేరీకి వెళ్లి ఫోటోలు తీసేవాడు రాగాన్ని కొంత పోగొట్టుకుంటాడు. ఈ నష్టాన్ని ఒప్పుకుని తీరాలి. పాట వినేచోట కెమెరా సంచిలో ఉండటమే మేలు. కానీ చెరువుగట్టు మీద, పెరట్లో, పొలం దారిలో, సాయంత్రపు వీధిలో కంటికి దక్కేది చెవి పోగొట్టుకునేదాని కంటే చాలా ఎక్కువ.

ఆ దక్కేది ఏమిటో వెలుగుతోనే మొదలుపెట్టి చూద్దాం. ఎండలో ఆరేసిన తెల్ల పంచె తెల్లగా కనిపిస్తుంది, అదే పంచె గోడ నీడలోకి జరిగినా మనకు తెల్లగానే కనిపిస్తుంది. చుట్టూ ఉన్న వెలుగు రంగును లెక్కలోంచి తీసేయడం మెదడుకు అబ్బిన విద్య. ఎండకు సరిపడేలా అమర్చిన కెమెరాకు ఆ విద్య రాదు. దాని బొమ్మలో నీడన ఉన్న పంచె లేత నీలంగా పడుతుంది, అదే నిజం. నీడలోకి సూర్యుడు నేరుగా చూడడు, అక్కడ పడేది ఆకాశపు వెలుగు. గాలి అణువులు నీలి కాంతిని ఎర్ర కాంతి కంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువగా చెదరగొడతాయి కనుక ఆ వెలుగు నీలిది. ఉదయం, సాయంత్రం సూర్యుడు దిగంతానికి ఆనుకుని ఉన్నప్పుడు కిరణాలు నడినెత్తి దారి కంటే దాదాపు 38 రెట్ల గాలిని దాటి రావాలి. దారిలోనే నీలం రాలిపోయి, మిగిలిన పసుపూ ఎరుపూ మట్టిగోడను బంగారంలా వెలిగిస్తాయి. ఫోటోలు తీసేవాళ్లు గోల్డెన్ అవర్ అని పొద్దున్నే లేచి పరుగెత్తేది దీనికోసమే. ఒకసారి ఈ తేడాను బొమ్మలో చూసినవాడికి, ఆ తర్వాత కెమెరా లేకుండానే నీడలోని నీలం కనబడటం మొదలవుతుంది. మర్రి కింద కూర్చున్న మనిషి ముఖం మీది ఆకుపచ్చ జీర, ఎర్రమట్టి దారిలో నడిచే ఆవు పొట్ట కింద పడే ఎర్రని కాంతి, ఇవన్నీ ఎప్పటి నుంచో ఉన్నవే.

వేపచెట్టు నీడ సంగతి మరీ అందమైనది. మిట్టమధ్యాహ్నం చెట్టు కింద నేలమీద వెలుగు మచ్చలు పడతాయి. ఆకుల మధ్య సందులు మూడు మూలలవి, కోసుకుపోయినవి, వంకరటింకరవి. కింద మచ్చలు మాత్రం గుండ్రనివి. ఎందుకని? ప్రతి చిన్న సందూ ఒక సూదిబెజ్జం కెమెరా. నేలమీద పడుతున్నది సందు ఆకారం కాదు, సూర్యబింబమే. సూర్యుడి వెడల్పు మన కంటికి అర డిగ్రీ. ఆ లెక్కన మచ్చ వెడల్పు, సందు నుంచి నేలకున్న దూరంలో సుమారు 108వ వంతు ఉంటుంది. 5 మీటర్ల ఎత్తున ఉన్న సందు నుంచి నడినెత్తి సూర్యుడు వేసే మచ్చ వెడల్పు దాదాపు 4.6 సెంటీమీటర్లు. అంటే నేలమీది మచ్చను స్కేలుతో కొలిచి, ఆ సందు ఎంత ఎత్తున ఉందో చెప్పేయొచ్చు. 2019 డిసెంబర్ 26 పొద్దున మన రాష్ట్రాల్లో పాక్షిక సూర్యగ్రహణం పట్టినప్పుడు చెట్ల కింద ఈ మచ్చలన్నీ కొడవళ్లలా మారిపోయాయి. వెయ్యేళ్ల కిందట ఇబ్న్ అల్ హైథమ్ అనే పండితుడు గ్రహణ సూర్యుడి బింబం చిన్న బెజ్జం గుండా ఎలా పడుతుందో ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. కెమెరా అనే పరికరం పుట్టకముందే, చెట్టు కింద అరుగు మీద కూర్చున్న ప్రతి మనిషి చుట్టూ వందల కెమెరాలు పనిచేస్తూ ఉన్నాయి. ఆ మచ్చలను ఒక బొమ్మలో పట్టాలని నేలమీదికి వంగినవాడికే అవి గుండ్రంగా ఉన్నాయన్న సంగతి తట్టే అవకాశం ఎక్కువ.

దగ్గరి నుంచి చూడటానికి జిల్లేడు మొక్కను మించింది లేదు. ఇది రోడ్డు పక్కన, పాడుబడ్డ స్థలాల్లో, రైలు పట్టాల వెంట మొలుస్తుంది, పశువులు కూడా పెద్దగా ముట్టవు. రథసప్తమి నాడు తలమీద పెట్టుకుని స్నానం చేయడానికి, వినాయక చవితి పత్రిలో కలపడానికి దీని ఆకులు తెంపుతాం. మిగతా ఏడాదంతా దానివైపు చూడం. ఫోన్‌ను అరచేయంత దూరానికి తీసుకెళ్లి ఆకు అడుగున చూడండి. లేత కొమ్మకు పసుపు పూసినట్టు అంటుకుని ఉన్నవి పేనుబంక పురుగులు, గన్నేరు మీదా ఇవే ఉంటాయి. ఒళ్లు నిమ్మపండు రంగు, కాళ్లు నలుపు. వీటిలో దాదాపు అన్నీ ఆడవే. మగ తోడు లేకుండానే పిల్లలను కంటాయి, గుడ్లు కాదు, నడిచే పిల్లలను. వాటి తేనెలాంటి విసర్జన కోసం చీమలు కాపలా కాస్తుంటాయి. ఆ పేనుబంకనే తినడానికి ఎర్రటి అక్షింతల పురుగు వస్తుంది. పువ్వు మీద నల్ల గండు తుమ్మెద వాలినప్పుడు, మాక్రో ఫోటోను పెద్దది చేసి చూస్తే దాని ఒంటికి తగులుకున్న చిన్న పసుపు తిత్తులు ఒక్కోసారి కనిపిస్తాయి. అవి జిల్లేడు పుప్పొడి. చాలా పూలలా పొడిగా రాలనివ్వకుండా, ఈ మొక్క పుప్పొడిని తిత్తుల్లో మూటగట్టి, వచ్చిన పురుగుకు కొక్కెంలా తగిలించి పంపుతుంది. వట్టి కంటికి అది మెరిసే మచ్చ మాత్రమే. అంత దగ్గరగా ఫోకస్ లోతు కొద్ది మిల్లీమీటర్లకు మించదు, ఊపిరి వదిలితే బొమ్మ చెదురుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు తెల్లవారుజామున వెళతారు. రాత్రి చలికి పురుగుల ఒంట్లో వేడి పడిపోయి, పొద్దెక్కేదాకా రెక్క కదపలేవు.

అదే ఆకు అడుగున ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. గొంగళిపురుగు ఒంటి నిండా నలుపు, తెలుపు, పసుపు పట్టీలు, వీపున మూడు జతల నల్ల కొమ్ముల్లాంటి తీగలు. జిల్లేడు పాలలోని విషాన్ని అది ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలు వచ్చాకా ఆ విషం వదలదు. ఒకసారి నోట కరచుకుని చేదు చవిచూసిన పిట్ట, ఆ కాషాయ రంగు రెక్కలను మళ్లీ ముట్టదు. అందుకే విషం లేని మరో సీతాకోకచిలుక, డనైడ్ ఎగ్‌ఫ్లై ఆడది, అచ్చం అదే వేషం వేసుకుని తిరుగుతుంది. ఎగురుతుంటే రెంటికీ తేడా పట్టడం నిపుణులకూ కష్టమే. ఫోటోలో మాత్రం చిక్కు విడిపోతుంది. ప్లెయిన్ టైగర్ వెనక రెక్క నడుమ మూడు నాలుగు నల్ల చుక్కలుంటాయి, వేషధారికి పై అంచు దగ్గర ఒక్కటే. ఇక్కడ ఆనందం అందమైన బొమ్మ దొరికిందని కాదు, చుక్కలు లెక్కపెట్టిన క్షణాన ఒక మోసం బయటపడిందని. శాస్త్రం చేసే పని ఇదే, ఇక్కడ అది పెరటి గోడ దగ్గర జరుగుతోంది.

ఇప్పటి ఫోన్లు అన్నీ తామే చేసేస్తున్నాయి కదా, ఇందులో మనిషి నేర్చుకునేది ఏముంది అని మరికొందరు అడుగుతారు. ఒక్క నొక్కుకు ఫోన్ లోపల అనేక ఫ్రేములు తీసి కలిపి, నీడలు తేటపరిచి, చీకటిని వెలుగు చేస్తుందన్నది నిజమే. 36 బొమ్మల ఫిల్ము రోలుతో కుస్తీపట్టి, కడిగించాక గానీ తప్పు తెలియని రోజుల్లో ఎక్స్‌పోజరు లెక్క నేర్చుకోవడమే ఒక చదువు. ఆ చదువు పోయిందని బాధపడే పాతతరం మాటలో పస ఉంది. రోలు మీద ఖర్చు ఉన్నప్పుడు నొక్కేముందు ఆలోచించేవాళ్లు. ఇప్పుడు ఆ ఆలోచనను ఎవరికివారు తెచ్చిపెట్టుకోవాలి. అయినా ఫోన్ చేయలేనిది ఒకటుంది, అది మన కాళ్లను కదపలేదు. తల వెనక మొలిచిన కరెంటు స్తంభాన్ని తప్పించడానికి అడుగు ఎడమకు వేయాలా, తూనీగ కంటి మట్టానికి మోకాళ్ల మీద దిగాలా, ఎండ వెనక నుంచి పడేలా చెట్టు అటువైపు పోవాలా అన్నవి చూపు తీసుకునే నిర్ణయాలు. తూనీగనే తీసుకోండి. మండుటెండలో అది తోకను నిట్టనిలువుగా సూర్యుడి వైపు ఎత్తి, తలకిందులుగా దండం పెడుతున్నట్టు నిలబడుతుంది. ఒంటి మీద పడే ఎండ తగ్గించుకోవడానికి ఆ భంగిమ. బొమ్మ కుదరక పది నిమిషాలు దాని ముందు కూర్చున్నవాడికి పొద్దు జరిగేకొద్దీ తోక కోణం మారడమూ కనిపిస్తుంది.

అందరికంటే గట్టిగా వాదించేవాళ్లు ఇంకొకరున్నారు. పులి నుంచి పిచ్చుక దాకా నిపుణులు తీసిన మహత్తరమైన ఫోటోలు కోట్లలో ఉండగా, ఔత్సాహికుడు తీసే సాదా బొమ్మ ఎవరికి కావాలి అని. ఈ మాట బొమ్మను వస్తువుగా లెక్కగడుతోంది. కానీ ఫోటో ఒక సాక్ష్యం కూడా, ఫలానా జీవి ఫలానా చోట ఫలానా రోజున ఉందని. నిపుణులు ప్రతి పెరటికీ రాలేరు. అమెరికాలోని వెర్మాంట్‌లో విల్సన్ బెంట్లీ అనే రైతు 1885లో మైక్రోస్కోపుకు కెమెరా తగిలించి మంచురవ్వ ఫోటో తీశాడు. బతికినంతకాలం తీస్తూనే ఉండి, 5,000కు పైగా మంచురవ్వలను నమోదు చేశాడు. మంచు స్ఫటికాల గురించి చెప్పేవాళ్లు ఈనాటికీ ఆయన బొమ్మలు చూపిస్తుంటారు. మలేసియాలో ఒక ఫోటోగ్రాఫర్ అడవిలో లేస్‌వింగ్ అనే జాలి రెక్కల పురుగును ఫోటో తీసి, దాని అందానికి ముచ్చటపడి నలుగురితో పంచుకున్నాడు. ఆ బొమ్మను షాన్ వింటర్‌టన్ అనే కీటక శాస్త్రవేత్త చూశాడు. రెక్కలో నల్ల గీతలు, నీలిమచ్చలు ఉన్న ఆ తీరు ఏ గ్రంథంలోనూ లేదు. మళ్లీ ఆ పురుగును వెతికి పట్టి పరీక్షించి, 2012లో సెమాక్రైసా జేడ్ అని కొత్త జాతిగా లోకానికి ప్రకటించారు. ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ లాంటి, జీవులను నమోదు చేసే వేదికలు ఇప్పుడు నిలబడి ఉన్నది ఇలాంటి సాదా బొమ్మల మీదే. మసక బొమ్మైనా సరే, వెనక రెక్క మీద చుక్కలు కనిపిస్తే చాలు.

నలుగురితో పంచుకోవడంలో మాత్రం ఒక పట్టింపు అవసరం. బరాష్, ఆమె సహచరులే 2018లో మరో సంగతి తేల్చారు. తమ కోసం తీసుకునేవాళ్ల కంటే, సోషల్ మీడియాలో పెట్టడం కోసం తీసేవాళ్లు ఆ అనుభవాన్ని తక్కువగా ఆనందించారు. నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ మనసులో దూరి, ఎదుటి దృశ్యాన్ని పక్కకు నెట్టేస్తుంది. ఆ బెంగ ఇతర ప్రాణుల పాలిట మరింత హానికరం. చిలమత్తూరు దగ్గరి వీరాపురంలో పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులూ అంతే. ఊరివాళ్లు వాటిని తరతరాలుగా కాచుకొస్తున్నారు. గూడుకు మరీ దగ్గరగా వెళితే తల్లిపక్షి లేచిపోతుంది. మన ఎండలో గుడ్డు గానీ రెక్క రాని పిల్ల గానీ కొద్దిసేపు నీడ లేకుండా ఉన్నా ప్రాణం పోవచ్చు. పక్కనే కాకులు కాచుకుని ఉంటాయి. గూటి మీది పిల్లల ఫోటో ఎంత బాగా వచ్చేలా ఉన్నా తీయకూడదనే నేనంటాను. దూరం నుంచి, వలిసె పువ్వంత కనిపించినా, ఎగిరే కొంగ బొమ్మ చాలు.

2017 నాటి పరిశోధనలో ఇంకో ఫలితం ఉంది, దాన్ని చివరికి అట్టిపెట్టాను. కొందరికి కెమెరా ఇవ్వకుండా, ఫోటో తీస్తున్నట్టు మనసులోనే అనుకుంటూ చూడమన్నారు. వాళ్ల జ్ఞాపకంలోనూ అదే మార్పు కనిపించింది. జిల్లేడు ఆకుకు వేలాడే ప్లెయిన్ టైగర్ ప్యూపాను నాలుగు రోజులు ఫోటో తీసినవాడికి ఇది ఆశ్చర్యం కలిగించదు. ఐదో రోజో ఆరో రోజో పొద్దున ఆ పచ్చని తొడుగు అద్దంలా పారదర్శకమై, లోపల మడిచిపెట్టిన కాషాయ రెక్కలు, నల్ల అంచు, తెల్ల చుక్కలు బయటికే కనిపిస్తాయి. అంటే బయటికి రావడానికి ఇక గంటల వ్యవధే. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయినా ఫరవాలేదు. ఎక్కడ చూడాలో అప్పటికి తెలిసిపోయి ఉంటుంది. తొడుగు తల దగ్గర చీలుతుంది, తడి బట్టలా ముడుచుకున్న రెక్కలతో పురుగు వేలాడుతుంది, పొట్టలోని ద్రవం రెక్కల నరాల్లోకి ఎక్కేకొద్దీ ఆ ముడతలు పై నుంచి కిందికి ఒక్కొక్కటే సాఫవుతూ వస్తాయి.